రోక్‌ఫోర్ అనేది ఊరి పేరా, చీజ్ పేరా?

రెండూ. ఊరి పూర్తి పేరు రోక్‌ఫోర్-సుర్-సూల్జోఁ. పక్కనే పారే సూల్జోఁ అనే వాగు పేరు అందులో కలిసింది. ఇది దక్షిణ ఫ్రాన్సులోని ఒక్సితానీ ప్రాంతంలో, అవెరోఁ జిల్లాలో ఉన్న చిన్న కమ్యూన్. కమ్యూన్ అంటే మేయరు, పాలకమండలి గల అతి చిన్న పాలనా విభాగం. మన గ్రామ పంచాయతీ వంటిదనుకోవచ్చు గానీ, ఫ్రాన్సులో పారిస్ మహానగరం కూడా కమ్యూనే. రోక్‌ఫోర్ జనాభా వెయ్యికి లోపే.

ఈ ఊరి భౌగోళిక విశేషమంతా కొంబలూ అనే సున్నపురాయి కొండలోనే ఉంది. పూర్వం ఆ కొండ అంచు విరిగి జారిపడటంతో రాళ్ల గుట్టల నడుమ గుహలు, వాటి నుంచి బయటికి సన్నని పగుళ్లు ఏర్పడ్డాయి. 'ఫ్లోరీన్' అని పిలిచే ఆ పగుళ్లలోంచి చల్లని, తేమతో నిండిన గాలి ఏడాది పొడవునా వీస్తుంది కనుక, పచ్చి గొర్రెపాలతో చేసిన చీజ్‌లో నీలిపచ్చ బూజు చక్కగా పెరుగుతుంది. ఇళ్లు కొండవాలును అంటిపెట్టుకుని వీధులుగా సాగితే, వాటి కింద అంతస్తులు అంతస్తులుగా నేలమాళిగలు దిగుతాయి. ఊరిలో చూడవలసినదంతా నేల కిందనే ఉందంటే అతిశయోక్తి కాదు.

1925లో ఫ్రెంచి చట్టం ఈ పేరుకు రక్షణ కల్పించింది. ఈ కమ్యూన్ గుహల్లో మాగనిదేదీ రోక్‌ఫోర్ చీజ్ అనిపించుకోదు.