అయ్యప్ప మాలలో ఉండి పోర్న్ చూశానని వణికిపోయిన మా రూమ్‌మేట్

"బాప్తిస్మం తీసుకున్నాక కూడా పోర్న్ మానలేకపోతున్నా, నేను అడిక్ట్‌నా? దేవుడు క్షమిస్తాడా?" అని అడిగావు తమ్ముడూ. క్షమాపణ సంగతి మీ పాస్టర్‌గారిని అడుగు. అడిక్షన్ సంగతి మాత్రం నేను చెప్తా. నీలాంటివాళ్లలో చాలామందిని తినేసేది చూడటం కాదు, చూశాక కుమిలిపోవడం.

మాది చర్చికి వెళ్లే కుటుంబం కాదు. 2018 చివర్లో అమీర్‌పేట హాస్టల్లో నా పక్క మంచం కుర్రాడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, చాప మీద పడక, అన్నీ పద్ధతిగా చేసేవాడు. ఒక రాత్రి బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఎంతకీ రాలేదు. తలుపు బాదితే తడిపంచెతో వణుకుతూ వచ్చాడు. మాల గుప్పిట్లో పట్టుకుని, "ఫోన్‌లో చూశాను. ఇది తీసేస్తా. నాన్నకేమైనా అవుతుందేమో" అన్నాడు. వాళ్ల నాన్నకి అప్పుడే గుండె ఆపరేషన్ అయింది. ఈ రెంటికీ వీడు ముడిపెట్టేసుకున్నాడు.

పొద్దున్నే గురుస్వామి దగ్గరికి లాక్కెళ్లాను. ఆయనది జెరాక్స్ షాపు. చీవాట్లు పడతాయనుకుంటే, ఆయన కాగితాలు సర్దుకుంటూనే "మాల తీసేస్తే ఫోన్ కూడా పోతుందా స్వామీ?" అన్నాడు. స్నానం చేసి శరణాలు చెప్పుకోమని, సాయంత్రం నుంచి భిక్ష వంటకి రమ్మని పంపేశాడు. అప్పట్నుంచి మనవాడు కూరలు తరిగి, గుండిగలు తోమి, రూముకొచ్చి పడ్డాడంటే గురకే. ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్లొచ్చాడు.

మాల తీశాక మళ్లీ చూడలేదా అంటే, చూశాడు. కానీ అంతకుముందు ఒక్కసారి చూస్తే "ఎలాగూ చెడిపోయాను కదా" అని తెల్లారేదాకా చూసేవాడు. అది పోయింది. దిగులు తగ్గితే చూడటం దానంతటదే తగ్గుతుందని నాకు అక్కడే అర్థమైంది. ఎవరేమన్నా నా మాట ఇదే.

ఇది నా ఒక్కడి పైత్యం కాదులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఐసీడీ-11 అనే జబ్బుల జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. లైంగిక ప్రవర్తన అదుపు తప్పడాన్ని అందులో జబ్బుగానే చేర్చారు. అయితే అది ఆరు నెలలో అంతకంటే ఎక్కువో సాగాలి. పాపం చేస్తున్నానన్న బాధ ఒక్కటే ఉంటే జబ్బు అనడానికి చాలదని కూడా అందులోనే రాశారు.

ఈ ముక్క గోడల మీద "బలహీనతకు గ్యారంటీ వైద్యం" అని రాయించేవాళ్లు చెప్పరు. వాళ్ల వ్యాపారమే కుర్రాళ్ల భయం మీద నడుస్తోంది. ప్రభుత్వం ఇంకో రకం. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశంతో 827 పోర్న్ సైట్లు మూయించింది. మా హాస్టల్లో వీపీఎన్ (మూసేసిన సైట్లని దొంగదారిలో తెరిచేది) అంటే ఏంటో తెలియనివాడు కూడా దాంతో నేర్చుకున్నాడు.

నిజంగా అదుపు తప్పినవాళ్లు లేరని కాదు. పరీక్షలు ఎగ్గొట్టి, డ్యూటీలో కూడా చూస్తూ, ఆపాలన్నా ఆపలేకపోతుంటే డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే. బయటికి వెళ్లడానికి సిగ్గయితే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, డబ్బులేం అడగరు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంతకీ రోజుకి ఎంతసేపు చూస్తున్నావో, దానివల్ల ఏ పని ఆగిపోతోందో ప్రశ్నలో ఎక్కడా రాయలేదు నువ్వు. దేవుడి గురించే మూడు పేరాలు రాశావు. ఎంతసేపు చూస్తున్నావో, ఏం ఆగిపోతోందో కూడా కింద రాయి, అప్పుడు మాట్లాడదాం.