కొత్తగా సచివాలయంలో చేరిన మేనకోడలికి

చిరంజీవి వసంతకు మామయ్య ఆశీస్సులు.

గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుగా చేరావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. చాలా సంతోషం. పంచాయతీ కార్యదర్శిగా ఇరవై ఏడేళ్లు ఊళ్లు తిరిగినవాణ్ణి, అడగకపోయినా సలహా చెప్పే జబ్బు నాకుంది. ఓర్చుకో.

నేను చేరిన కొత్తలో వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. ఒక నెల అందకపోతే ముసలివాళ్లు నన్ను నాలుగు తిట్టి ఊరుకునేవారు. ఇప్పుడు ఎన్టీఆర్ భరోసా కింద 4,000 ఇస్తున్నారు. బీపీ మాత్రలు, పాలవాడి బాకీ, మనవడి పుస్తకాలు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. కాబట్టి ‘నీ పేరు రాలేదవ్వా’ అని చెప్పి పంపేముందు ఎక్కడ ఆగిందో చూడు.

భూమి, కరెంటు, కారు లాంటి ఆరు విషయాలు చూసి అర్హత తేల్చే ఆరంచెల పరిశీలనలో ఆగిపోయిన పేర్లలో నిజంగా కలిగినవాళ్లూ ఉంటారు, కాదనను. కానీ గుడిసెలో ఉండే అవ్వ పేరిట నెలకు 300 యూనిట్లు దాటి కరెంటు కాలిందంటే నమ్ముతావా? ఎవరి మీటరుకో ఆవిడ ఆధార్ నంబరు తగిలించి ఉంటారు. ఎప్పుడో అమ్మేసిన మెట్ట చెక్క ఇంకా ఆవిడ ఖాతాలోనే ఉండవచ్చు. వేరు కాపురం పెట్టిన కొడుకు బియ్యం కార్డులో మాత్రం తల్లితోనే ఉండి, కారు కొని ఉండవచ్చు. అది టాక్సీ అయితే మినహాయింపు ఉంది, ఆ సంగతి కొడుక్కే తెలియదు. కారణం తెలిస్తే పని సగం అయినట్టే. దాన్ని ఒక చీటీ మీద తెలుగులో రాసి, విద్యుత్తు శాఖకు వెళ్లాలో తహశీల్దారు దగ్గరకు వెళ్లాలో కూడా రాసి చేతిలో పెట్టు. నోటితో చెప్పింది ఇల్లు చేరేలోపు మరిచిపోతారు.

ఇళ్ల విషయంలో నేనొక తప్పు చేశాను. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడకు ఇల్లు మంజూరైంది. కాగితం ఇచ్చి, ముగ్గు పోయించి, ఫొటో తీసుకుని వచ్చేశాను. బిల్లు ఎప్పుడు వస్తుంది? పునాది లేచాక. పునాది లేపడానికి డబ్బేది? రెండేళ్లయినా ఆ గొయ్యి అలాగే ఉంది. ఆవిడ అందులో ఆనప పాదు పెట్టింది. కాయలు కోసి మొదటిది నాకే పంపింది. ఆ కూర నాకు గొంతు దిగలేదు.

అందుకే చెబుతున్నాను: ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద పల్లెలో ఇంటికిచ్చే 1,20,000 ఒకేసారి చేతికి రాదు, పని జరిగిన మేరకు విడతలుగా వస్తుంది. తిరిగే ఓపికున్న మనిషి ఇంట్లో లేకపోతే మంజూరు కాగితం గోడకు అంటించుకోవడానికే. ముగ్గు పోయకముందే ఇల్లు మంజూరైన మనిషి డ్వాక్రా సంఘంతో మాట్లాడి మొదటి విడత పెట్టుబడికి అప్పు కుదురుతుందేమో అడుగు. ఉపాధి హామీ నుంచి 90 రోజుల కూలి కూడా వస్తుంది, మస్టరు, అంటే హాజరు, పడుతోందో లేదో నువ్వే కనుక్కో. కొలతలు ఇంజినీరింగ్ అసిస్టెంటు చూసుకుంటాడు, నీకెందుకు అనుకోకు.

ఇక ఎవరూ ఫిర్యాదు చేయని బాధ ఒకటి ఉంది. ఇల్లు కొడుకు పేర రాసిచ్చి అరుగు మీదకు చేరినవాళ్లు. పింఛను రోజున కొడుకో కోడలో పక్కనే నిలబడి నోట్లు లెక్కపెట్టుకుంటే గమనించు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంది. తెల్లకాగితం మీద అర్జీ చాలు, వకీలు అవసరం లేదు, నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు. చూసుకుంటామనే షరతు మీద రాసిన దానపత్రాన్ని, చూడకపోతే రద్దు చేయించే వీలూ ఉంది. ఇవన్నీ అందరి ముందూ చెప్పకు. ఆ ముసలాయన ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు, పెద్దవాళ్ల సహాయానికి పెట్టిన ఫోను నంబరు 14567 రాసివ్వు. అర్జీ పెట్టమని మాత్రం బలవంతం చేయకు. చాలామంది పెట్టరు. కొడుకు కదా.

వేలిముద్రల సంగతి నీకు రెండో నెలకే అర్థమవుతుంది. నాట్లు వేసి, కలుపు తీసి అరిగిన వేళ్లు యంత్రానికి కనపడవు. తడిగుడ్డతో తుడిపించు, మరో వేలు పెట్టించు, కసురుకోకు.

ఒకటో తారీఖున పింఛను పంచడం అందరూ రోడ్డు పక్క ఇళ్ల నుంచి మొదలుపెడతారు. నువ్వు చెరువు గట్టు అవతలి ఇళ్ల నుంచి మొదలుపెట్టు. అక్కడివాళ్లు తెల్లవారుజామునే లేచి కూర్చుని ఉంటారు. పైగా ఎండెక్కితే ఆ గట్టు మీద నడవలేవు, గొడుగు మరిచిపోకు.

మీ మామయ్య