కాలిన పుండుకు నానో పట్టీ ఎందుకు?

పలాసలో జీడిపిక్కలు వేయించేచోట చెయ్యి కాలిన తమ అత్తకి నానో సిల్వర్ (అతి సన్నని వెండి రేణువుల) పట్టీ వేశారని, ఆయింట్‌మెంటు చాలదా అని ఒకరు అడిగారు.

లోతుగా కాలినచోట చచ్చిన చర్మం అట్టకడుతుంది. అక్కడ రక్తం పారదు కాబట్టి మింగిన మాత్ర సరిగా అందదు. ఆయింట్‌మెంటైతే రోజూ కడిగి మళ్లీ పూయాలి. గాజుగుడ్డ ఊడదీసినప్పుడల్లా అప్పుడే పుట్టిన లేతచర్మం దానికంటుకుని లేచొచ్చేస్తుంది. ఆ మంట పడ్డవాళ్లకే తెలుసు.

పట్టీలోని వెండి రేణువులు వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండవు. పుండు తడి తగిలేకొద్దీ వెండిని కొద్దికొద్దిగా వదులుతూ క్రిముల్ని చంపుతాయి. రకాన్నిబట్టి 3 నుంచి 7 రోజులు విప్పక్కర్లేదు.

లైపోసోములని నానోలోనే ఇంకోరకం ఉంది: కొవ్వు పొరతో చేసిన బుడగలు, లోపల మందు, అచ్చం పొట్లం కట్టినట్టే. చర్మం మొలిపించే ప్రొటీన్లను పాడవకుండా చేరవేస్తాయి. కాలిన గాయాలకు ఇవి చాలావరకు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి.

ఏ పట్టీ అయినా తర్వాతి మాట. కాలగానే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి, పసుపూ పేస్టూ వద్దు.