పాత కారు ఇంజిన్ బేని తక్కువ ఖర్చులో శుభ్రం చేసి, చూడముచ్చటగా చేసుకోవడం ఎలా?

మీరు అడిగినదాంట్లో మూడు సంగతులు కనిపిస్తున్నాయి. కారుకి పదేళ్లు దాటాయి, బానెట్ ఎత్తితే మట్టీ ఆయిలూ కలిసి నల్లగా అట్టకట్టి ఉంది. నీళ్లు కొడితే ఏమవుతుందోనని భయం. చేతి చమురు పెద్దగా వదలకుండా చూడ్డానికి బాగుండాలని కోరిక. నా కారుకిప్పుడు పన్నెండేళ్లు. ఇంజిన్ బేని ఇప్పటికి నాలుగుసార్లు శుభ్రం చేశాను. మొదటిసారి మాత్రం కోరి తెచ్చుకున్న తంటా అయింది. ముందు అదే చెప్తాను, ఎందుకంటే మీ భయానికి జవాబు అందులోనే ఉంది.

అప్పట్లో వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు 'ఇంజిన్ కూడా కొట్టేయండి' అని నేనే చెప్పాను. జానెడు దూరం నుంచి ప్రెషర్ గన్ పెట్టి కొట్టారు. ఒక్క కవరు కట్టలేదు, కట్టమని నేనూ అడగలేదు. బండి స్టార్టయింది, బయల్దేరాను. పది నిమిషాలకి వెనక నుంచి ఎవరో గుంజుతున్నట్టు కుదుపులు, చెక్ ఇంజిన్ లైటు టపటపా కొట్టుకోవడం. స్కానర్ పెడితే పి0302 అనే కోడ్ చూపించింది, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, ఇంధనం సరిగా మండటం లేదన్నమాట. స్పార్క్ ప్లగ్‌కి కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ పీకి చూస్తే స్పార్క్ ప్లగ్ కూర్చునే గుంటలో నీళ్లు నిలబడి ఉన్నాయి. గుడ్డతో పీల్చి, గాలి కొట్టి ఆరబెట్టాక మూడొంతులు సర్దుకుంది. కాయిల్ కింది రబ్బరు అప్పటికే పగిలి ఉండటంతో అది మార్చాల్సి వచ్చింది.

వానలో, నీళ్లగుంటల్లో వెళ్లే బండికి ఇంజిన్ మీద నాలుగు చుక్కలు పడితే ఏమీ కాదు, వాటిని తట్టుకునేలాగే కనెక్టర్లకి రబ్బరు సీళ్లు పెడతారు. అవి తట్టుకోలేనిది దగ్గర్నుంచి సూదిలా దిగే నీటిధారని. పదేళ్ల వేడికి ఆ సీళ్లు ఎండి, గట్టిపడి ఉంటాయి కాబట్టి పాత బండికి ఇంకా జాగ్రత్త కావాలి. ఆ రోజు నుంచి నేను ప్రెషర్ వాషర్ జోలికి పోలేదు. మొక్కలకి నీళ్లు చల్లే చేతి స్ప్రేయర్ ఒకటి చాలు. మొత్తం పనికి నాకు నాలుగు లీటర్ల నీళ్లు కూడా పట్టవు. కష్టమంతా బ్రష్షుది.

పొడిగా ఉన్నప్పుడే సగం పని అయిపోవాలి. చాలామంది ఇది వదిలేసి తిన్నగా తడిపేస్తారు, దుమ్ము బురదై మూలమూలలకీ పాకుతుంది. ముందు వాక్యూమ్‌తోనో, ఎండు పెయింట్ బ్రష్షుతోనో దుమ్ము దులపండి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఒక కాలువలాంటిది ఉంటుంది చూడండి, ఎండుటాకులన్నీ చేరేది అక్కడే. దాని చివర్లలో నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి. అవి పూడుకుపోతే వాననీరు ఏసీకి గాలి వెళ్లే దారి గుండా లోపలికి దిగి కార్పెట్ తడుపుతుంది. నా బండిలో అక్కడ ఎలుక ఏకంగా కాపురమే పెట్టింది. పీలికలైన గుడ్డ, కొరికేసిన ఒక తీగ కనిపించాయి. అద్దానికి నీళ్లు చిమ్మే మోటారు ఆర్నెల్లుగా ఎందుకు పలకడం లేదో అప్పుడు తెలిసింది! బానెట్ లోపలివైపు దూదిపరుపులా ఉండేదాన్ని తడపకండి, పీల్చిన నీళ్లు ఓ పట్టాన వదలదు. వాక్యూమ్ పెడితే చాలు.

తడి పనికి ఇంజిన్ చేత్తో తాకగలిగేంత చల్లబడి ఉండాలి. మరీ వేడిగా ఉంటే క్లీనర్ చల్లీ చల్లకముందే ఎండి మరకలు కడుతుంది, చల్లనీళ్లు పడితే కాగిన లోహానికీ మంచిది కాదు. రేడియేటర్ మూత అసలు ముట్టుకోవద్దు. వేడి మీద తీస్తే మరిగే కూలెంట్ మొహం మీదికే వస్తుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పేయండి. కొన్ని బండ్లలో స్టీరియోకి కోడ్ కావాలి, అది మీ దగ్గరుందో లేదో ముందే చూసుకోండి. మళ్లీ కలిపాక గడియారం సరిచేసుకోవాలి, ఒక్కోసారి పవర్ విండోలకి మళ్లీ పైకీ కిందికీ పాఠం చెప్పాలి.

ఇక కవర్లు. ఆల్టర్నేటర్ (బెల్టుతో తిరిగి బ్యాటరీని చార్జ్ చేసేది), ఫ్యూజ్ బాక్స్, ఇంజిన్ కంప్యూటర్, ఎయిర్ ఫిల్టర్‌కి గాలి వెళ్లే మూతి, ఇగ్నిషన్ కాయిళ్లు, బ్యాటరీ: వీటికి పాలిథిన్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేయండి. ఎన్ని కట్టారో లెక్క రాసుకోండి. నవ్వకండి, ఆల్టర్నేటర్ మీది కవరు మర్చిపోయి ఇంజిన్ తిప్పితే అది బెల్టుకి చుట్టుకుంటుంది. నేను అరచేతి మీద అంకె వేసుకుంటాను.

క్లీనర్ సంగతి. ఉత్త దుమ్ముకీ, పల్చటి జిడ్డుకీ గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపితే సరిపోతుంది. అట్టకట్టిన ఆయిలుకి మాత్రం జిడ్డు వదిలించే డీగ్రీజర్ కావాలి. నీళ్లలో కలిసే రకం తీసుకుని, సీసా మీద రాసిన పాళ్లలోనే కలపండి. ఘాటెక్కితే బాగా వదులుతుందనుకుంటాం గానీ, క్షారం ఎక్కువున్న క్లీనర్ అల్యూమినియం భాగాలని తినేసి మచ్చలు వేస్తుంది. ఆ మచ్చ ఇక పోదు. చక్రాలకి వాడే ఆమ్లం క్లీనర్లదీ అదే తీరు. డీజిల్, కిరోసిన్, పెట్రోలుతో తుడిచే అలవాటు చాలాచోట్ల ఉంది. చేసిన రోజు నిగనిగలాడే మాట నిజమే. కానీ రబ్బరు గొట్టాలూ బుష్‌లూ ఆ నూనెల్ని పీల్చి ఉబ్బి మెత్తబడతాయి, మిగిలిన పొర మీద వారం తిరక్కుండా దుమ్ము రెండింతలు పడుతుంది. పైగా వందల డిగ్రీలకి వేడెక్కే ఎగ్జాస్ట్ పక్కన అంటుకునే సరుకు పూసి పెట్టుకోవడం ఏం తెలివి?

ఒక పక్క నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా చేయండి. చల్లడం, ఐదు నిమిషాలు నాననివ్వడం, బ్రష్షుతో రుద్దడం, పల్చగా నీళ్లు చల్లడం, తడిగుడ్డతో తుడవడం. నాన్చింది ఎండిపోనివ్వకూడదు. నా ఆయుధాలు రెండంగుళాల పెయింట్ బ్రష్, పాత టూత్‌బ్రష్‌లు, సీసాలు కడిగే పొడుగు బ్రష్. పెయింట్ బ్రష్షుకి ఉండే రేకు పట్టీ మీద టేపు చుట్టండి, లేకపోతే అది రంగుని గీకేస్తుంది. కంపెనీ అంటించిన స్టిక్కర్లని, ముఖ్యంగా బెల్టు ఏ దారిన పోవాలో బొమ్మ గీసినదాన్ని, రుద్దకండి. ఊడిపోతే మళ్లీ దొరకడం కష్టం. కింద పాత గుడ్డలు, ఒక ట్రే పరిచి మురికినీళ్లు పట్టండి, ఆ ఆయిలు నీళ్లు కాలువలోకి వదలడం మంచిది కాదు.

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగానో, నీలం పచ్చగానో పొడిలా పట్టి ఉంటే దానికి వేరే వైద్యం. అది యాసిడ్ వల్ల పుట్టింది కాబట్టి కప్పు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగి విరిగిపోతుంది. బ్యాటరీకి మూతలుంటే అవి బిగించి ఉన్నాయో లేదో చూడండి, సోడా నీళ్లు లోపలికి పోకూడదు. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు ఉండాలి. తుడిచి, ఆరాక టెర్మినల్ బిగించి పైన పెట్రోలియం జెల్లీ పల్చగా పూస్తే మళ్లీ అంత త్వరగా పట్టదు.

ఆరబెట్టడంలో తొందర వద్దు. గుడ్డతో అద్ది, మూలల్లో బ్లోయర్‌తో గాలి కొట్టి, బానెట్ ఎత్తి ఓ గంట వదిలేయండి. తర్వాత కవర్లు లెక్కపెట్టి తీసి, బ్యాటరీ కలిపి, యాక్సిలరేటర్ తొక్కకుండా పదిహేను నిమిషాలు ఐడిల్‌లో తిప్పండి. మిగిలిన తేమ ఇంజిన్ వేడికే పోతుంది. ఆ పదిహేను నిమిషాలూ పక్కనే నిలబడి చప్పుడు వినండి.

ఇక్కడే మీరు అడగని ఒక లాభం ఉంది. నన్నడిగితే ముస్తాబు కంటే ఇదే పెద్దది. కడిగాక ఆయిల్ ఎక్కడ కారుతోందో ఇక దాగదు. అనుమానం ఉన్నచోట, ఇంజిన్ ఆపి పూర్తిగా ఆరాక, ఒంటికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లండి. నాలుగు రోజులు తిప్పి చూస్తే ఆయిల్ గీత ఎక్కడ మొదలైందో పౌడర్ మీద స్పష్టంగా కనిపిస్తుంది. అలాగే నా బండిలో వాల్వ్ కవర్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగంలోని మూత కింద ఉండే సీలు, పోయిందని పట్టుకున్నాను. అంతకుముందు చూసిన మెకానిక్ కింది సీలు పోయిందనీ, గేర్‌బాక్స్ దించాలనీ అన్నాడు. పైనుంచి కారింది కిందికి చేరి అక్కడ పుట్టినట్టు కనిపించిందంతే. అందుకే కారుతున్నది బాగుచేయించాకే ముస్తాబు జోలికి వెళ్లండి, లేకపోతే చేసిందంతా నెలలో నల్లబడుతుంది.

ఇక ముస్తాబు. ఇంజిన్ బే పాతగా కనిపించడానికి మెరుపు లేకపోవడం కంటే చిందరవందర పెద్ద కారణం. పగిలి వేలాడే తీగల స్లీవులు, ఊడొచ్చిన టేపు, మాయమైన క్లిప్పులు, తలో రంగు బోల్టులు. డబ్బు పెట్టాల్సింది వీటి మీదే, అదీ కొద్దిగానే. పొడుగునా చీలిక ఉండే నల్లటి ప్లాస్టిక్ స్లీవ్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. పాతది తీసి ఇది తొడిగి, కొసల్లో వైరింగ్‌కి వాడే బట్ట టేపు చుట్టండి. మామూలు ఇన్సులేషన్ టేపు వేయకండి, వేడికి దాని జిగురు కరిగి కారుతుంది. ఎగ్జాస్ట్ దగ్గరికి మాత్రం ఈ స్లీవ్‌ని రానివ్వొద్దు. నల్ల నైలాన్ టైలతో తీగల్ని ఒక వరసలోకి తెచ్చి, తోకలు మొదలంటా కత్తిరించండి, మిగిల్చిన మొన చేతిని కోస్తుంది. ఈ ఒక్క పనితో నా బండి ఐదేళ్లు చిన్నదైనట్టు అనిపించింది.

నల్ల ప్లాస్టిక్, రబ్బరు గొట్టాలకి డ్రెస్సింగ్ పూస్తే పాలిపోయిన రంగు తిరిగొస్తుంది. నీళ్ల ఆధారంగా చేసిన, పాలలా తెల్లగా ఉండే రకం తీసుకోండి. తళతళలాడే జిడ్డు రకం దుమ్ముకి జిగురులా పనిచేస్తుంది. సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ మీద పోసుకుని పూసి, ఓ పది నిమిషాలాగి పొడిగుడ్డతో తుడిచేయండి. తుడిచాక కొత్త ప్లాస్టిక్‌లా ఉండాలి, నూనె రాసినట్టు కాదు. బెల్టుకి మాత్రం తగలనివ్వకండి. మా బావమరిది బెల్టు కూడా నల్లగా మెరిస్తే బాగుంటుందని శ్రద్ధగా పూశాడు. మర్నాడు స్టార్ట్ చేస్తే వీధి వీధంతా లేచింది. జారే బెల్టు అంత గోల పెడుతుంది.

తుప్పు పట్టిన బ్రాకెట్లు, బ్యాటరీ కింద ట్రే ఉంటే విప్పి బయటపెట్టి, వైర్ బ్రష్షుతో గీకి, 320 నంబరు ఎమెరీ పేపరుతో రుద్ది, ప్రైమర్ మీద వేడి తట్టే నల్ల స్ప్రే పల్చగా రెండు మూడు పూతలు వేయండి. ఎన్ని డిగ్రీల వరకు తట్టుకుంటుందో డబ్బా మీద ఉంటుంది. ఎర్త్ తీగ బిగించే చోట రంగు పడకూడదు, లోహానికి లోహం తగిలితేనే అక్కడ కరెంటు పారుతుంది. రేడియేటర్ రెక్కలు, పుల్లీలు, సెన్సర్లు కూడా వదిలేయండి. ఇంజిన్ పైన ఉండే ప్లాస్టిక్ మూత చాలా బండ్లలో పైకి లాగితే వచ్చేస్తుంది. నేను మొదట దానికి ఎర్రరంగు వేశాను. రెండు నెలలకి నాకే మొహం మొత్తి మళ్లీ నలుపు వేశాను. క్రోమ్ మూతలు, రంగురంగుల గొట్టాలు, లోపల లైట్లు నా ఉద్దేశంలో డబ్బు దండగ, మీ ఇష్టం మీది. కూలెంట్ డబ్బా పసుపు బారితే రుద్ది లాభం లేదు, వేడికి ప్లాస్టిక్ రంగే మారింది. అంతగా కంటికి ఇబ్బందిగా ఉంటే కొత్తది వేయించుకోండి.

డీగ్రీజర్ బానెట్ గొళ్లెం, కీళ్లలోని గ్రీజు కూడా కడిగేస్తుంది, మూసేముందు కొంచెం పూయండి. తర్వాత నెలకోసారి తడిగుడ్డతో తుడుచుకుంటే ఇంత భాగవతం మళ్లీ ఏడాదికో రెండేళ్లకో. బండి అమ్మకానికని చేస్తుంటే మాత్రం కొంచెం తగ్గండి. పాత బండిలో ఇంజిన్ మరీ తళుక్కుమంటే, ఏ లీకు కప్పిపెట్టడానికి కడిగారోనని తెలిసిన కొనుగోలుదారుకి అనుమానమొస్తుంది. కడగకముందు తీసిన ఫొటోలు ఉంచుకుంటే చూపించొచ్చు.

పెట్రోలో డీజిలో మీరు రాయలేదు. డీజిల్ అయితే స్పార్క్ ప్లగ్ గుంటల బెడద లేదు గానీ, ఇంజెక్టర్ల పైనున్న కనెక్టర్లకి కవరు తప్పదు. హైబ్రిడ్ అయితే పైన చెప్పిన తడి పని చేయకండి. అందులో నారింజ రంగు తీగలుంటాయి, అవి ప్రాణం తీసేంత వోల్టేజీవి. వాటి దరిదాపుల్లో నీళ్లు వద్దు, స్లీవులు మార్చడం వద్దు, పొడిగుడ్డతో దుమ్ము తుడిచి బానెట్ వేసేయండి.