లూప్‌లో చిక్కుకున్న అమ్మాయిని ఏఐ కోర్సుకి మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం. వెబ్‌సైట్లకి వాడే జావాస్క్రిప్ట్ అనే కోడింగ్ భాష నేర్చుకుంటోంది. రికార్డుల్లో ఒక పేరు వెతికే లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) దగ్గర వారం రోజులుగా ఆగిపోయింది. ఉన్న పేరుకి కూడా ‘దొరకలేదు’ అని వస్తోందట. తనకి కోడింగ్ బుర్ర లేదేమోనని టెన్షన్‌గా ఉంది. మాన్పించి ఏఐ కోర్సులో చేర్పించనా? రెండూ పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: ముందు ఆ లూప్ సంగతి చూద్దాం. కోడ్ చూడకుండానే ఒక ఊహ చెబుతాను. జాబితాలో సీత, రవి, గీత ఉన్నారనుకోండి. వెతికేది గీతని. లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి సున్నాలో సీత. పేరు కలవలేదు. వెంటనే ఎల్స్‌లో, అంటే ‘కలవకపోతే’ అనే భాగంలో, ‘దొరకలేదు’ అని రిటర్న్ రాసి ఉంటుంది. రిటర్న్ అంటే జవాబిచ్చి బయటికి రావడం. అది పడిందంటే ఫంక్షన్, అంటే ఈ వెతికే కోడ్ మొత్తం, అక్కడితో సరి. గీత దాకా ఎవరూ వెళ్లనే లేదు. ఆ ఒక్క లైను లూప్ మూసే బ్రాకెట్ కిందికి దింపితే, అందరినీ చూశాకే లేదంటుంది. కొత్తలో నేనూ ఇక్కడే బోర్లా పడ్డాను.

మీరు చేస్తున్నదీ ఇదే సార్. మొదటి రికార్డు కలవకపోగానే బుర్ర లేదని తేల్చేశారు. ఆ మాట పిల్ల చెవిన పడిందా? పడితే లూప్ కంటే దాన్ని సరిచేయడమే కష్టం.

ఏఐ కోర్సుల మీద నాకు అనుమానాలు చాలానే ఉన్నాయి. కోడింగ్ రాకపోయినా పర్వాలేదని చేర్చుకుంటారు. చేరాక చాలాచోట్ల చేతిలో పెట్టేది పైథాన్ అనే మరో కోడింగ్ భాష. అందులోనూ మొదట్లోనే లూపులు, రికార్డులు. డేటా శుభ్రం చేయడమంటే వేల వరసల్లో ఖాళీలూ తప్పులూ వెతకడమే. ఏఐ టూల్‌ని అడిగితే ఈ కోడ్ క్షణంలో రాసిస్తుంది, నిజమే. అది తప్పు రాసిన రోజున, రిటర్న్ ఎక్కడుందో చూడటం రానివాళ్లు ఏం చేస్తారు? తనకే ఇష్టం పుట్టి, గణితం మీద పట్టు వచ్చాక వెళ్తే నేనూ సరే అంటాను.

పోలిక అడిగారు కదా: వెబ్ పనిలో రాసింది వెంటనే తెర మీద కనిపిస్తుంది, ఏఐలో గణితం ఎక్కువ. ఇప్పటికి ఇంత చాలు.

మూడు పేర్లు కాగితం మీద రాసి, ఒక్కో చుట్టులో ఐ (ఎన్నో పేరు దగ్గర ఉన్నామో చెప్పే లెక్క) విలువ ఎంత, అక్కడ ఎవరున్నారు, ఫంక్షన్ ఇంకా నడుస్తోందా అన్నవి పక్కనే రాసుకోమనండి. జావాస్క్రిప్ట్‌లోకి 2015లో వచ్చిన, తనే వెతికిపెట్టే ‘ఫైండ్’ వాడితే ఇదంతా ఒక్క లైనే అని ఎవరో ఒకరు చెబుతారు. అది తర్వాత చూసుకోవచ్చు. తను రాస్తున్నంతసేపూ మీరు మాత్రం వెనక నిలబడకండి.