%1కి కొటేషన్లు ఎక్కడ, ఎన్ని?

ప్ర: ఇన్నో సెటప్‌తో మా ఖాతాల ప్రోగ్రామ్‌కి ఇన్‌స్టాలర్ చేశాను. ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే నా కంప్యూటర్లో బాగానే తెరుచుకుంటోంది. వాడేవాళ్లలో కొందరికి మాత్రం "డి:\ఖాతాలు\ఏప్రిల్ దొరకలేదు" అని వస్తోంది. అక్కడున్న ఫైలు పేరు "ఏప్రిల్ జీతాలు.లెక్క".

జ: మీరు పరీక్షించిన ఫైలు పేరు "టెస్ట్1" లాంటిదై ఉంటుంది, అందులో ఖాళీ లేదు. మీ ఇన్‌స్టాలర్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) షెల్, ఓపెన్, కమాండ్ కీ కింద %1ని కొటేషన్లు లేకుండా రాసింది. విండోస్ ఆ చోట ఫైలు పూర్తి పాత్‌ని ఉన్నదున్నట్టు పెడుతుంది. ఖాళీ దగ్గర అది రెండు ఆర్గ్యుమెంట్లుగా (ప్రోగ్రామ్‌కి విడివిడిగా అందే ముక్కలు) విరుగుతుంది, మీ ప్రోగ్రామ్ మొదటి ముక్కనే ఫైలనుకుంటుంది. ఉండాల్సింది ఇలా:

"సి:\ప్రోగ్రామ్ ఫైల్స్\లెక్క\లెక్క.ఈఎక్స్‌ఈ" "%1"

ప్రోగ్రామ్ పాత్‌కి కూడా కొటేషన్లు తప్పవు. అవి లేకపోతే విండోస్ ముందు "సి:\ప్రోగ్రామ్.ఈఎక్స్‌ఈ" ఉందేమోనని వెతుకుతుంది. ఆ పేరుతో ఎవరైనా ఒక ఫైలు పెట్టి ఉంటే అదే నడుస్తుంది.

ఇన్నో సెటప్ స్క్రిప్టులో విలువ మొత్తం కొటేషన్ల మధ్య ఉంటుంది కాబట్టి లోపలి ప్రతి కొటేషన్‌నూ రెండుసార్లు కొట్టాలి. అందుకే వరస మూడు కొటేషన్లతో మొదలై ""%1""" అని ముగుస్తుంది. చూడ్డానికి తప్పులా ఉంటుంది, తప్పు కాదు. ఎన్‌ఎస్‌ఐఎస్ అనే మరో ఇన్‌స్టాలర్ సాధనంలో అయితే మొత్తాన్ని ఒంటి కొటేషన్లలో పెడితే ఈ తిప్పలు లేవు.

ప్ర: అదే పని బ్యాచ్ ఫైల్లోంచి (కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైలు), రిజిస్ట్రీలో రాసే రెగ్ యాడ్ కమాండ్‌తో చేస్తే రిజిస్ట్రీలో "%1" బదులు ఖాళీ కొటేషన్లు మిగులుతున్నాయి. అదే కమాండ్ ప్రాంప్ట్‌లో టైపు చేస్తే సరిగ్గా పడుతోంది.

జ: బ్యాచ్ ఫైల్లో %1 అంటే ఆ బ్యాచ్ ఫైలుకే ఇచ్చిన మొదటి ఆర్గ్యుమెంట్. మీరేమీ ఇవ్వలేదు కాబట్టి ఖాళీ అయింది. ప్రాంప్ట్‌లో ఆ మార్పిడి జరగదు. బ్యాచ్‌లో \"%%1\" అని రాయండి.

ప్ర: మా ప్రోగ్రామ్‌ని వెబ్ లింకుతో తెరిచే సౌకర్యం కూడా ఇన్‌స్టాలర్లో పెట్టాం. "%1"కి కొటేషన్లు పెట్టాం కదా, ఇక భయం లేదనుకోవచ్చా?

జ: అనుకోకండి. ఫైలు పేరులో కొటేషన్ గుర్తును విండోస్ ఒప్పుకోదు, లింకుకి ఆ అడ్డు లేదు. లింకు రాసినవాడు మధ్యలో ఒక కొటేషన్ పెడితే మీ కొటేషన్ అక్కడే మూసుకుపోతుంది, మిగతాది మీ ప్రోగ్రామ్‌కి ఆప్షన్లుగా చేరుతుంది. 2007 జులైలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నుంచి ఫైర్‌ఫాక్స్‌కి వెళ్లే లింకుల్లో బయటపడింది ఈ లొసుగే. ఫైర్‌ఫాక్స్ 2.0.0.5లో దాన్ని సరిచేశారు. 2018 జనవరిలో ఎలక్ట్రాన్‌తో (వెబ్ పద్ధతిలో డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లు చేసే సాధనం) చేసిన విండోస్ ప్రోగ్రామ్‌లకీ ఇదే చిక్కు వచ్చింది.

బ్రౌజర్ కొటేషన్‌ని %22గా (లింకుల్లో కొటేషన్‌కి వాడే కోడ్) మార్చి పంపుతుందిలే అని ధీమా పడొద్దు. లింకు బ్రౌజర్ నుంచే రావాలని లేదు. కమాండ్‌లో %1కి ముందు రెండు గీతలు పెట్టండి: -- "%1". ఆ గీతల తర్వాత వచ్చేది దేన్నీ ఆప్షన్‌గా చూడకుండా మీ ప్రోగ్రామ్‌ని రాయాలి, లేకపోతే అవి ఉత్త గీతలే. వాటి తర్వాత సరిగ్గా ఒక్క ఆర్గ్యుమెంటే ఉందా, అది మీ లింకుల మొదట ఉండే "లెక్క:"తో మొదలవుతోందా చూసి, కాకపోతే ఏమీ చేయకుండా ఆగిపోవాలి. మధ్యలో బ్యాచ్ ఫైలు అసలు వద్దు. అక్కడ & గుర్తు కనబడితే కొత్త కమాండ్ మొదలైనట్టే.

ప్ర: లినక్స్‌లో ప్రోగ్రామ్‌ని ఎలా తెరవాలో చెప్పే డెస్క్‌టాప్ ఫైల్లో, కమాండ్ రాసే ఎగ్జెక్ వరసలోని %ఎఫ్‌కీ (ఫైలు పేరు వచ్చే చోటు) కొటేషన్లు పెట్టాలా?

జ: వద్దు, అక్కడ పద్ధతి తిరగబడుతుంది. ఖాళీలున్న పేరును డెస్క్‌టాపే ఒక ఆర్గ్యుమెంట్‌గా అందిస్తుంది. కొటేషన్లలో పెడితే ఏమవుతుందో చెప్పలేమని ప్రమాణంలోనే ఉంది. వరసలో అలాంటి గుర్తు ఒక్కటే ఉండాలి, మామూలు శాతం గుర్తు కావాలంటే %% రాయాలి.