స్కోరు కాదు, శాతం రాయండి

ప్రశ్న: ఈ మధ్యే ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. వీకెండ్ వస్తే రూమ్‌లో అందరం ప్రీమియర్ లీగ్ చూస్తాం, మ్యాచ్‌కి ముందు ఎవరు గెలుస్తారో తలా ఒకటి చెబుతాం. పాయింట్ల పట్టికలో పైనున్న జట్టు పేరే నేను చెబుతాను, సగం సార్లు తప్పుతోంది. సరిగ్గా ఊహించడం నేర్చుకోవచ్చా? టెలిగ్రామ్‌లో డబ్బు కట్టి టిప్స్ తీసుకోమని ఫ్రెండ్ ఒకడు పోరుతున్నాడు.
- ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: సగం తప్పుతోందంటే సగం కరెక్టే కదా! గెలుపు, ఓటమి, డ్రా అని మూడు ఫలితాలున్న ఆటలో అది మరీ తీసిపారేసేదేం కాదు. అన్నట్టు మీ ఉత్తరంలో డ్రా మాటే లేదు. ప్రీమియర్ లీగ్‌లో సుమారు నాలుగు మ్యాచ్‌లకు ఒకటి డ్రా అవుతుంది, మీరేమో ఎప్పుడూ ఎవరో ఒకరిని గెలిపించేస్తున్నారు.

పట్టిక కన్నా ముందు, మ్యాచ్ ఎవరి సొంత గ్రౌండ్‌లో జరుగుతోందో చూడండి. సొంత జనం అరుపులకు ఎంత బలముందో కోవిడ్ టైమ్‌లో తేలింది: స్టేడియాలు దాదాపు ఖాళీగా ఉన్న 2020-21 సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో సొంత గ్రౌండ్ జట్లకన్నా బయటినుంచి వచ్చిన జట్లే ఎక్కువ మ్యాచ్‌లు గెలిచాయి. జనం తిరిగొచ్చాక మళ్లీ మామూలే.

తర్వాత, పాత స్కోర్లను గుడ్డిగా నమ్మకండి. 2022 ప్రపంచకప్‌లో అర్జెంటీనా, సౌదీ అరేబియా మ్యాచ్ గుర్తుందా? వరసగా 36 మ్యాచ్‌ల్లో ఓటమి లేకుండా వచ్చిన అర్జెంటీనా, మెస్సీ పెనాల్టీతో 1-0 ముందుంది, ఫస్టాఫ్‌లోనే ఇంకో మూడుసార్లు బంతి వలలో పడింది కానీ మూడూ ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. సెకండాఫ్ మొదలవగానే ఐదు నిమిషాల తేడాతో సౌదీ రెండు కొట్టేసింది. గోల్‌కి గురిగా వాళ్లు తన్నినవే రెండు, రెండూ లోపలికే! ఆ స్కోరు చూసి అర్జెంటీనా పని అయిపోయిందన్నవాళ్లు చాలామంది, చివరికి కప్పు ఎత్తింది ఆ అర్జెంటీనానే. అందుకే ఎవరు గెలిచారన్నది కాకుండా ఎన్ని మంచి అవకాశాలు సృష్టించారో చూడాలి. దాన్నే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, ఎక్స్‌జీ అంటారు: ఒక్కో షాట్ గోలయ్యే అవకాశం ఎంతో లెక్కేసి కూడతారు, పెనాల్టీ అయితే 0.75 పైనే, ముప్పై గజాల దూరం నుంచి తన్నిందైతే చాలా తక్కువ. స్కోర్ల యాప్‌లలో ఫ్రీగానే దొరుకుతుంది. మొన్నటి ఒక్క మ్యాచ్ కాకుండా ఓ పది మ్యాచ్‌ల సగటు తీసుకోండి.

ఆ సగటుతో చిన్న లెక్క. సొంత గ్రౌండ్ జట్టుకి 1.5 గోల్స్, ఎదుటి జట్టుకి 1.1 వస్తాయనుకుంటే, పాయిజాన్ సూత్రం ప్రకారం (సగటు తెలిస్తే ఎన్ని గోల్స్‌కి ఎంత అవకాశమో చెప్పేది, మీ సెకండియర్ పుస్తకంలో ఉండే ఉంటుంది) అన్నిటికన్నా ఎక్కువ అవకాశమున్న స్కోరు 1-1. ఆ ఎక్కువ ఎంతో తెలుసా, 12 శాతం! ఇక ఫలానా స్కోరే అని బల్లగుద్ది చెప్పేవాళ్లని ఏమనాలి?

అందుకే నోట్‌బుక్‌లో స్కోరు రాయకండి, గెలుపు 50, డ్రా 26, ఓటమి 24 అని శాతాలు రాయండి. లైనప్, అంటే ఆడబోయే పదకొండు మంది జాబితా, వచ్చాక రాస్తే ఇంకా మంచిది, కిక్ఆఫ్‌కి గంట ముందే వచ్చేస్తుంది, మెయిన్ స్ట్రైకర్ బెంచ్ మీదుంటే మీ అంకె మారాలి. సీజన్ సగం గడిచాక, మీరు 60 శాతం ఇచ్చిన జట్లు పదింటికి ఆరు చొప్పున గెలిచాయో లేదో చూసుకోండి. తొమ్మిది గెలిస్తే మీరు మరీ భయపడుతున్నట్టు, నాలుగే గెలిస్తే అతి నమ్మకం.

టిప్స్ సంగతా, ఒక్క రూపాయి కట్టొద్దు. టిప్స్ అమ్మేవాడు సగం మందికి ఈ జట్టు గెలుస్తుందని, మిగతా సగానికి ఆ జట్టని పంపుతాడు, తప్పినవాళ్లని వదిలేసి మిగిలినవాళ్లతో మళ్లీ అదే ఆట. 800 మందితో మొదలుపెడితే మూడు మ్యాచ్‌లయ్యేసరికి, డ్రాలు పడకపోతే, ఓ వంద మంది వాడిని దేవుడనుకుంటారు, అప్పుడు వస్తుంది ఫీజు మెసేజ్. ఆ టిప్‌తో బెట్ కాయడమంటారా, ఆన్‌లైన్ బెట్టింగ్ తెలంగాణలో 2017 నుంచీ నేరమే, మీ ఫ్రెండ్‌కి కూడా చెప్పండి.